ముప్పయ్యో తారీఖు లోపల

“పేరు మారిస్తే బోనస్ పోతది అన్నా,” అన్నాడు కాశిఫ్.

శ్యాంసుందర్‌కు నోట్లో చాయ్ చేదైంది. చాయ్ కాశిఫ్ తెప్పించిందే కాబట్టి గ్లాసు మాత్రం కింద పెట్టలేదు.

హనుమకొండలోని ఇన్సూరెన్స్ ఏజెంటు కాశిఫ్ దగ్గర అతను పొద్దుటి నుంచీ బేరమాడుతున్నాడు. కారు వాళ్ల బాపుది. బాపు రాజేశ్వర్ రావు ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి దవాఖానాలో పడి ఉన్నాడు. ఇక ఆయనేం నడుపుతాడులే అని, రెన్యువల్‌తో పాటే కారును తన పేరు మీదికి మార్పించుకుందామని శ్యాంసుందర్ వచ్చాడు. తన పేరు మీద కారుంటేనే ఆఫీసువాళ్లు పెట్రోలు ఖర్చు ఇస్తారు. ఫోనులో వేరే కంపెనీల రేట్లు చూపించాడు. పక్క వీధి ఏజెంటు ఇంకా తక్కువకు చేస్తానన్నాడని ఓ అబద్ధం కూడా ఆడాడు. కాశిఫ్ దిగి దిగి, ఇక దిగనన్న చోట ఈ బోనస్ సంగతి బయటపడింది.

పెద్దాయన ఇన్నేళ్లలో ఒక్క క్లెయిమ్ కూడా పెట్టలేదట. ఎక్కడ గీత పడ్డా సొంత డబ్బుతో బాగు చేయించుకున్నాడట. అందుకని కంపెనీ ఆయనకు దాదాపు సగం ధరే వేస్తోంది. ఆ తగ్గింపే బోనస్. చిన్న క్లెయిమ్ పెట్టినా అది పోతుంది, పేరు మారినా పోతుంది.

“కన్నకొడుకును గదనే. నాకెందుకు రాదు?”

“వస్తది.” కాశిఫ్ కాస్త నసిగాడు. “పెద్దాయన పోయినంక వారసునికైతే వస్తది. రూల్ అట్లున్నది. అల్లా ఆయనకు నిండు ఆయుష్షు ఇయ్యాలె గని, అడిగినవు గాబట్టి చెప్తాన.”

శ్యాంసుందర్ గ్లాసు కింద పెట్టాడు.

“పాలసీ ఎప్పటిదాక ఉన్నది?”

“ముప్పయ్యో తారీఖు దాక. అది దాటితే ఇంకో ఏడాదికి పెద్దాయన పేరు మీదనే కట్టాలె.”

“అంటే, ఆ లోపల్నే అయితే...”

కాశిఫ్ కంప్యూటర్ వైపు తిరిగిపోయాడు.

దవాఖానాలో బాపు మూతికి మాస్కు పెట్టుకుని కళ్లు మూసుకుని ఉన్నాడు. శ్యాంసుందర్ మంచం పక్కనే డాక్టర్ అనూషను పట్టుకున్నాడు.

“ఉన్నది ఉన్నట్టు చెప్పున్రి మేడం. ముప్పయ్యో తారీఖు దాక ఉంటడా?”

తండ్రి మీద ఇంత ప్రేమ ఉన్న కొడుకును ఆ అమ్మాయి ఈ మధ్య చూడలేదు. 

“ధైర్యంగ ఉండండి. ముప్పై ఏంది, ఇంకో పదేండ్లుంటరు.”

“పదేండ్లా?” అన్నాడు శ్యాంసుందర్, టమాటాల ధర విన్నట్టు.

ఇడ్లీ డబ్బాతో వచ్చిన భార్య శోభారాణికి సంగతంతా చెప్పాడు. ఆమె డబ్బా మూత తీయబోయి ఆగిపోయింది. కంపెనీవాళ్లు తారీఖును ఇంకొన్ని దినాలు జరపరా అని అడిగింది. అడిగాననీ, జరపరనీ చెప్పాడు.

“మామయ్య జూస్తే తొందరపడేటట్టు లేడు,” అంది శోభారాణి.

“ఆయన ఎన్నడు మన గురించి ఆలోచించిండు గనుక?”

మాస్కు కింద రాజేశ్వర్ రావు ఊపిరి ఒక్క తీరుగా ఆడుతోంది. నిద్రలో ఉన్నాడు కదా అని ఇద్దరూ ఆ ఇడ్లీలు తినేశారు.

మర్నాడు శ్యాంసుందర్ బాపును ఏసీ గదిలోంచి జనరల్ వార్డుకు మార్పించాడు. అక్కడైతే గాలి బాగా ఆడుతుందని అందరికీ చెప్పాడు. నిజంగానే బాగా ఆడింది. పెద్దాయన లేచి కూర్చున్నాడు. బత్తాయిలు తేవడం మానేస్తే పక్క మంచం మొగిలమ్మ తన బత్తాయిలు ఒలిచి పెట్టింది. పెద్దాయన లేచి నడిచాడు. చివరికి ఇరవై ఎనిమిదో తారీఖున డాక్టర్ అనూష నవ్వుతూ డిశ్చార్జి రాసి, శ్యాంసుందర్‌తో కంగ్రాట్యులేషన్స్ అంది.

కారు దవాఖానా మెట్ల ముందుకు తెచ్చి, బాపును ముందు సీట్లో కూర్చోబెట్టాడు.

“ఉక్కపోస్తాంది. జర ఏసీ పెట్టిపో శ్యాం,” అన్నాడు బాపు.

ఊరికే పెట్రోలు కాలుతుందని శ్యాంసుందర్‌కు మనసొప్పలేదు. కానీ మొగిలమ్మ వాళ్లు మెట్ల మీద నిలబడి చూస్తున్నారు. ఇంజను ఆన్‌లోనే వదిలేసి బిల్లు కట్టడానికి వెళ్లాడు.

కౌంటరులో బిల్లు చూడగానే అతనికి ప్రాణం లేచొచ్చింది. వాడని గ్లౌజులకు లెక్క వేశారన్నాడు, ఆక్సిజన్ బాపు అంత పీల్చలేదన్నాడు. మేనేజరు వచ్చాడు, దండం పెట్టాడు, గ్లౌజులు కొట్టేశాడు. ముప్పయ్యో తారీఖు చేసిన గాయం మీద కాస్త మందు రాసినట్టయింది. అంతలో బయట ధన్‌మని చప్పుడైంది.

కారు ముక్కు పార్కింగ్ గోడకు ఆనుకుని ఉంది. హెడ్‌లైటు ముక్కలు నేల మీద మెరుస్తున్నాయి. స్టీరింగ్ వెనక రాజేశ్వర్ రావు చెక్కు చెదరకుండా కూర్చుని ఉన్నాడు. తగ్గించిన బిల్లు చేతికి వచ్చాకే బయటికొచ్చిన శ్యాంసుందర్ పరుగెత్తి, ముందు హెడ్‌లైటును చూశాడు, తర్వాత బంపరును చూశాడు, ఆ తర్వాత బాపును చూశాడు.

“ఏం గాలె, ఏం గాలె. మనమే చేయించుకుందాం బాపూ. క్లెయిమ్ గిట్ల పెట్టకు.”

బాపు చేతిలోని ఫోను స్పీకరులోంచి కాశిఫ్ గొంతు వినిపించింది. “క్లెయిమ్ ఎక్కింది సార్. మెసేజ్ వస్తది చూడున్రి.”

“మరి బోనస్?” అడిగాడు పెద్దాయన.

“మొత్తం పోయినట్టే సార్. మీకు లేదు, ఇగ ఎవ్వరికీ రాదు.”

రాజేశ్వర్ రావు ఫోను జేబులో వేసుకున్నాడు. కిందికి దిగి, కారును పట్టుకుని మెల్లగా చుట్టూ తిరిగొచ్చి, పక్క సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు.

“ఇంటికి పోనీ బిడ్డా,” అన్నాడు. “మెల్లగనే పోనీ. ఇగ నాకు తొందరపడే పని లేదు.”