మొదటి కొనుగోలు

"ముక్కలు పంచండి మావయ్యా," అన్నాడు కండక్టరు.

"ఇంకోసారి ఆ పిలుపు పిలిస్తే బస్సు కింద వేసి తొక్కిస్తా," అన్నాడు డ్రైవరు.

డిపోలో విశ్రాంతి గది అది. ఇద్దరిదీ ఒకే బస్సు. తన కూతుర్ని చేసుకుంటానని కండక్టరు అడిగినప్పటి నుంచి డ్రైవరు అతనితో మాటలు మానేశాడు. ఆపాలంటే ఈల, కదలాలంటే ఈల, అంతే. ఇంట్లో భార్యా, డిపోలో తోటివాళ్లూ కుర్రాడి వైపే. కూతురు అవుననలేదు, కాదనలేదు. మీరే తేల్చుకోండి అంది. పోరు పడలేక డ్రైవరే పందెం కట్టాడు. ఈ ముక్కలాటలో కండక్టరు తనను గెలిస్తే పిల్లనిస్తాడు. ఓడితే కండక్టరు మళ్లీ ఆ ఊసెత్తకూడదు.

కూతురు ఆసుపత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చింది. వచ్చి కండక్టరు వెనక కుర్చీలో కూర్చుంది. ఈ ఆట తనకు రోజూ ఆమే నేర్పుతోందని అతను గొప్పగా చెప్పుకున్నాడు.

ఆట చిన్నదే. మొదట ఇద్దరికీ ఒకేలాంటి చిల్లర ముక్కలుంటాయి. చేతికొచ్చిన చిల్లరతో బల్ల మీది ముక్కలు కొనాలి. వాటిలో కొన్ని నాణేల బొమ్మలవి, కొన్ని మేడల బొమ్మలవి. కొన్నవి ఎవరి కట్టలో వాళ్లకి కలిసి, తర్వాత చేతికొస్తాయి. నాణేలు కొంటే ముందు ముందు ఇంకా కొనొచ్చు. మేడలతో ఏమీ కొనలేం. కానీ మేడలన్నీ అమ్ముడుపోయాక, చిన్నవీ పెద్దవీ కలిపి ఎవరి మేడల విలువ ఎక్కువైతే వాళ్లదే గెలుపు.

తన వంతు రాగానే కండక్టరు చిన్న మేడ కొన్నాడు. డ్రైవరు చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తాను నాణెం తీసుకున్నాడు.

"మీరు నాణేల జోలికి పోకండి. మేడలే కొనండి," అని కూతురు కండక్టరు చెవిలో చెప్పింది, తండ్రికి వినబడేట్టే.

సొంత కూతురు పరాయివాడి కొమ్ము కాస్తుంటే డ్రైవరుకి ఒళ్లు మండింది. ఆమె వైపు చూడకుండా ముక్కలు విసురుగా వేశాడు. బల్ల మీద మేడలు తరిగిపోతుంటే కండక్టరు పెళ్లికి సెలవు ఎప్పుడు పెట్టాలని కూడా అడిగాడు.

తర్వాత అతని చేతికి మేడలే రాసాగాయి. ఖర్చుకి చిల్లర లేదు. ఊరికే ముక్కలు దింపేసి కూర్చోవలసి వచ్చింది. డ్రైవరు చేతినిండా నాణేలు. పెద్ద మేడలు ఒక్కొక్కటే లాగేశాడు. కొనుక్కోవయ్యా, మొహమాటమెందుకని మధ్యలో ఎత్తిపొడిచాడు. మిగిలిన మేడలు కూడా తీసేసుకుని, లెక్క కూడా అక్కర్లేదన్నాడు.

కండక్టరు మొహం మాడిపోయింది. ఇంకొక్క ఆట అని బతిమాలాడు.

"బండెక్కు. ట్రిప్పు టైమైంది," అన్నాడు డ్రైవరు. గుమ్మం దాకా వెళ్లినవాణ్ణి మళ్లీ ఆపాడు. "మొదటి నుంచీ మేడలు కొనమని చెప్పింది నిజంగా మా అమ్మాయేనా?"

"ఆవిడేనండీ. ఆ ఎత్తుకి మా నాన్న తట్టుకోలేడంది."

డ్రైవరు వెనక్కి తిరిగి కూతురి మొహంలోకి చూశాడు. ఆమె తల వంచుకుని ముక్కలు సర్దుతోంది.

చిన్నప్పుడు తండ్రి చేతిలో ఆమె రోజూ ఓడింది ఆ ఎత్తుతోనే.