విప్పనూనె సబ్బు

కాస్టిక్ సోడా పడగానే కుండలో నీళ్లు బుస్సుమన్నాయి. సుగుణ రెండడుగులు వెనక్కి వేసి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"నీళ్లల్ల సోడా పోయాలె బిడ్డా. సోడా మీద నీళ్లు పోసినవనుకో, మొఖం మీదికి ఎగురుతది. కండ్లు పోతయ్," అన్నాడు సారంగపాణి, కర్రతో మెల్లగా కలుపుతూ.

"భయమైతాంది కాకా."

"కానియ్యి. భయమున్నోళ్లే ఈ పని మంచిగ చేస్తరు."

సారంగపాణికి యాభై దాటాయి. షోలాపూర్‌లో సబ్బుల కార్ఖానాలో పదేళ్లు పనిచేశానని చెప్పేవాడు. వరంగల్‌కు కొత్త. ఒక పెంకుటింటి వెనుక భాగంలో ఒంటరిగా అద్దెకుంటున్నాడు. పని నేర్పమని ఆయన గుమ్మం ముందు నిలబడ్డ రోజు సుగుణ తలుపు తట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. పరాయి మగవాడి ఇంటికి అలా వెళ్లడం ఆమెకు అదే మొదలు.

అది రజాకార్ల కాలం. సుగుణ భర్త వీరభద్రం బట్టల దుకాణంలో మూడురంగుల జెండా దొరికిందని పోలీసులు అతన్ని పట్టుకుపోయారు. దుకాణానికి తాళం వేశారు. ఇంట్లో మిగిలింది సుగుణా, అత్త భద్రమ్మా. ప్రతి బేస్తవారం సుగుణ సద్ది గిన్నె పట్టుకుని ఠాణాకు వెళ్లేది. ఠాణా పెద్ద అమీన్ సాబు బల్ల ముందు నిలబడి, అడిగినవాటికి జవాబు చెబితేనే గిన్నె లోపలికి పోయేది. తిరిగి రాగానే భద్రమ్మ గడపలోనే అడిగేది.

"ఎప్పుడిడుస్తరట?"

"ఇంకొన్ని దినాలట అత్తమ్మా."

మొదటిసారి చేసిన సబ్బు ముద్దగానే ఉండిపోయింది. రెండోసారి కుదిరింది. ముక్కలు కోసిన రోజే అమ్ముదామంది సుగుణ. సారంగపాణి ఒప్పుకోలేదు.

"నెల దినాలు ఆరాలె. పచ్చిది అమ్మితే చేతులు కాలుతయ్. ఒక్కపారి కాలినోళ్లు మల్ల మన మొఖం చూడరు. ఇంకోటి, బజార్ల పెట్టకు. ముందుగాల బట్టలుతికేటోళ్లకు ఇయ్యి. వాళ్లు మెచ్చితే ఊరంత మెచ్చినట్టే."

అలాగే జరిగింది. బట్టలుతికేవాళ్ల నుంచి మిల్లు కూలీల ఇళ్లకు, అక్కడి నుంచి హనుమకొండ దుకాణాలకు సబ్బు పాకింది. భద్రమ్మ కూడా వచ్చి కాగితాలు చుట్టడం మొదలుపెట్టింది. పని పెరిగింది గానీ సుగుణకు భయం మాత్రం తగ్గలేదు. బేస్తవారం దగ్గర పడుతున్నకొద్దీ ఆమెకు నిద్ర పట్టేది కాదు.

ఒకనాడు పొద్దున సుగుణ సోడా నీళ్ల కుండ ఎత్తి విప్పనూనెలో పోస్తోంది. గోడ అవతల ఎవరో తమ కొడుకును "గోపాల్, ఓ గోపాల్" అని కేకేశారు. సారంగపాణి చటుక్కున అటు తల తిప్పాడు. మరుక్షణమే చూపు కర్ర మీదికి దించుకున్నాడు.

సుగుణ అది చూసింది. ఆమె చేతులు పట్టు తప్పాయి. కుండ ఒరిగింది. సారంగపాణి ఒక్క తోపుతో ఆమెను పక్కకు నెట్టాడు. సోడా నీళ్లు ఆయన ముంజేతి మీద పడ్డాయి.

ఆ చేతి మీద సుగుణ బిందెల కొద్దీ నీళ్లు పోసింది. ఆయన మూలగలేదు.

"నీకు తాకలే గద బిడ్డా?" అని అడిగాడు.

ఆ బేస్తవారం ఠాణాకు పోయే దారిలో సుగుణ రెండుచోట్ల ఆగిపోయింది. ఇంటికి తిరిగొచ్చాక అన్నం ముట్టలేదు.

తర్వాతి వారమే ఠాణా జవాను ఒకడు పెరట్లోకి వచ్చాడు. సబ్బు కావాలన్నాడు గానీ కళ్లు ఇల్లంతా తిరుగుతున్నాయి. సుగుణ కలుపుతున్న కర్ర వదిలేసి గోడ దాకా జరిగింది. సారంగపాణి లేచి రెండు బిళ్లలు కాగితంలో చుట్టి ఇచ్చాడు. జవాను ఆయన ముఖంలోకి, ఆ తర్వాత సుగుణ ముఖంలోకి చూసి వెళ్లిపోయాడు.

"జవానుకు నేను భయపడలే. నీ మొఖం చూసి భయపడ్డ," అన్నాడు సారంగపాణి. "గింత ఎందుకు వణుకుతానవ్?"

"ఇంటాయనను పట్టుకపోయింది వాళ్లే గద కాకా."

ఆయన ఆమె కళ్లలోకి చూసి, కర్ర తీసి ఆమె చేతికిచ్చాడు.

"కలుపుడు ఆపకు. గడ్డ కడుతది," అన్నాడు.

వానలు తగ్గాక పరకాల షావుకారు ఒకాయన నెలనెలా బండెడు సబ్బు పంపమని కబురు చేశాడు. ఆ రోజు సారంగపాణి నవ్వడం సుగుణ మొదటిసారి చూసింది.

"ఇంకో ఇద్దరు ఆడోళ్లను పెట్టుకో. నేను నీకు నేర్పినట్టే నువ్వు వాళ్లకు నేర్పు. ఇగ నేను లేకున్నా నడుస్తది."

"నువ్వెక్కడికి పోతవ్ కాకా?"

"ఎక్కడికి పోత? మాటవరసకన్న."

మర్నాడు బేస్తవారం. సుగుణ గిన్నె బల్ల మీద పెట్టగానే అమీన్ సాబు లోపలికి సైగ చేశాడు. జవాను వీరభద్రాన్ని కటకటాల దాకా తెచ్చి నిలబెట్టాడు. గడ్డం మాసిపోయింది. చొక్కా ఒంటి మీద వేలాడుతోంది. భార్యను చూసి అతను నవ్వబోయాడు.

"సోంచాయించి చెప్పమ్మా. ఇగ మల్ల అడగ," అన్నాడు అమీన్.

సుగుణ కటకటాల వైపు ఒకసారి చూసింది. బల్ల అంచు పట్టుకుంది.

"మీరు దేవులాడే గోపాల్ ఆయన కాదు సాబ్," అని, సబ్బు నేర్చుకునే వంకతో ఆ ఇంట చేరి ఆనవాలు పట్టుకొస్తే మొగుణ్ణి విడుస్తానని తనను పంపిన అమీన్‌తో సుగుణ మళ్లీ అదే అబద్ధం చెప్పింది.