చప్పుడు చేయని కారు

కొన్న మూడో నెలలోనే చిన్మయ్ కారు వీధి మలుపులో మొండికేసింది.

అది పాత హైబ్రిడ్ కారు. కొంతదూరం బ్యాటరీతో, కొంతదూరం పెట్రోలుతో నడుస్తుంది. బెంగళూరులో ఎవరో వాడి వదిలేసిన దాన్ని ముచ్చటపడి కోలారు గోల్డ్ ఫీల్డ్స్‌కు తెచ్చుకున్నాడు.

ఊళ్లోని రాబర్ట్‌సన్‌పేట మెకానిక్ బానెట్ ఎత్తి చూసి, మళ్లీ దించేశాడు.

"ఇది నాతో అయ్యేది కాదు సార్. బేతమంగళలో దాసప్ప అని ఒకాయన ఉండాడు. పిలిపించుకోండి."

ఆదివారం పొద్దున దాసప్ప వచ్చాడు. యాభై దాటిన మనిషి. గేటు బయటే నిలబడ్డాడు.

"సుబ్బరాయ సామి ఇల్లు ఇదేనా?"

"కారు నాది. నా పేరు చిన్మయ్."

పిలిచింది తాను. అడిగేది నాన్న పేరా? చిన్మయ్‌కు అప్పుడే ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకుంది.

దాసప్ప వెనక సీటు ఊడదీశాడు. దాని కింద బ్యాటరీ, పక్కనే దానికి గాలి కొట్టే ఫ్యాను. ఫ్యాను నిండా గనుల దిబ్బల దుమ్ము.

"ఊపిరాడక నిలిచిపోయినాదప్పా. బ్యాటరీ అంతా మార్చే పనిలేదు. నీరసంగా ఉండే సెల్లులు మారిస్తే సాలు."

మాటలు వినబడి సుబ్బరాయ వరండాలోకి వచ్చాడు. గనుల ఆఫీసులో గుమాస్తాగా చేసిన మనిషి. గనులు మూసేసినప్పటి నుంచి ఇంట్లోవాళ్లతో కూడా ముక్తసరిగానే మాట్లాడతాడు.

"యావూరప్పా నీది?"

"ఇప్పుడు బేతమంగళ సామీ. పుట్టింది ఈడనే, గని కూలోళ్లుండే మైనింగ్ లైన్లలో. మా తాత ఆంధ్రా నుంచి వచ్చి గనిలో దిగినాడు. మా అమ్మ గురువమ్మ. పోయినేడు పోయింది."

"గురువమ్మ," అని సుబ్బరాయ తనలో తాను అనుకున్నాడు. లోపలికి వెళ్లి, కాఫీ తానే తెచ్చి ఇచ్చాడు. అదీ తన ఇత్తడి లోటాలో. చిన్నప్పుడు ముట్టుకున్నందుకు చిన్మయ్ దెబ్బలు తిన్న లోటా అది.

ఆ తర్వాత దాసప్ప ప్రతి ఆదివారం వచ్చాడు. ఒకసారి సెల్లులు మార్చాడు. ఒకసారి బ్రేకులు. చేయడానికేమీ లేని రోజు టైర్లలో గాలి చూశాడు. పక్కన స్టూలు వేసుకుని సుబ్బరాయ కబుర్లు చెప్పేవాడు.

"చూడండి, మామగారు నవ్వతా ఉండారు!" అంది చిన్మయ్ భార్య మధుర సంబరంగా.

చిన్మయ్‌కు ఆ నవ్వు నచ్చలేదు. తన ఉద్యోగం గురించి ఏనాడూ అడగని నాన్న, దాసప్ప తిన్నాడో లేదో అడుగుతున్నాడు.

పంతం పట్టి ఫోనులో వీడియోలు చూసి, ఒక శనివారం తానే సీటు విప్పి, ఫ్యాను శుభ్రం చేసి బిగించాడు. నాన్నను పిలిచి చూపించాడు.

"బాగుండాది. రేపు దాసప్పకు ఒకసారి సూపించు."

"నేను చేస్తే చాలదా నాన్నా?"

"అది కాదురా..." సుబ్బరాయ ఆగిపోయాడు.

మర్నాడు సుబ్బరాయ ముందు సీట్లో కూర్చుంటే దాసప్ప బండి నడిపాడు. ఇద్దరూ బేతమంగళ దాకా వెళ్లి మధ్యాహ్నానికి తిరిగొచ్చారు. కొడుకు ఎన్నిసార్లు పిలిచినా, "నాకు కార్లు పడవు" అన్న మనిషే.

ఆ మరుసటి ఆదివారం చిన్మయ్ వీధి మొదట్లోనే కాచుకున్నాడు.

"ఇంగ నువ్వు రావద్దు."

"బండి ఏమన్నా..."

"బండికేం కాలేదు. మా నాన్నే చెప్పమన్నాడు. నీకు ఎదురుగా చెప్పలేక నన్ను పంపించినాడు."

అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో అతనికే ఆశ్చర్యమేసింది.

"ఆయనే చెప్పినాడా?"

"ఊఁ."

దాసప్ప చేతిలోని పనిముట్ల సంచిని ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు.

"సరే అప్పా. బండిని మాత్రం ఊరికే నిలపొద్దు. వారానికొకసారన్నా తిప్పతా ఉండు. నిలబడిపోతే బ్యాటరీ సచ్చిపోతాది."

వచ్చిన దారినే బస్సు కోసం వెళ్లిపోయాడు.

ఆ రోజు సుబ్బరాయ స్టూలు తెచ్చుకుని గేటు దగ్గర కూర్చున్నాడు. ఎండ నడినెత్తికి వచ్చింది.

"దాసప్ప రాలేదా?"

"ఏం పనుందో ఏమో నాన్నా."

పై ఆదివారమూ అదే మాట. తర్వాత అడగడం మానేశాడు. వరండాలోకి రావడమూ మానేశాడు.

కారు చప్పుడు లేకుండా, వంక పెట్టడానికి లేకుండా నడిచింది. చిన్మయ్ సాయంత్రాలు నాన్న పక్కన కుర్చీ వేసుకుని ఏవేవో చెప్పేవాడు. జవాబు "ఊఁ" దాటేది కాదు.

వానాకాలంలో సుబ్బరాయకు ఆయాసం ముదిరింది. కారులోనే కోలారు ఆసుపత్రికి బయలుదేరారు. వెనక సీట్లో మధుర ఒళ్లో తల పెట్టుకుని, ఆయన కళ్లు తెరిచాడు.

"దాసప్పకు సెప్పు... ఒకసారి వచ్చి పొమ్మను."

ఇప్పుడూ వాడేనా?

"చెప్తాను నాన్నా," అన్నాడు చిన్మయ్. చెప్పలేదు.

సుబ్బరాయ ఇంటికి తిరిగి రాలేదు.

పదో రోజు కర్మ బేతమంగళ చెరువు గట్టున జరిగింది. క్షౌరం చేయించుకుని, తడి బట్టలతో చిన్మయ్ పీట మీద కూర్చున్నాడు.

"ఆయనకు కొడుకు నువ్వొక్కడివేనా?" దర్భ అందిస్తూ అడిగాడు పురోహితుడు.

"ఒక్కణ్ణే," అంటూ చిన్మయ్ తలెత్తాడు.

ఎవరూ పిలవకపోయినా వచ్చి, గట్టుకు ఆ కొసన మోకాలి లోతు నీళ్లలో, అప్పుడే గొరిగించుకున్న నున్నటి తలతో నిలబడి, దాసప్ప దోసిలితో నీళ్లు వదులుతున్నాడు.