ముట్టని కాఫీ

"క్షమించను. కాఫీ తాగి వెళ్ళు కమిషనర్," అన్నాడు తెగ పెద్ద ఒనూర్.

కమిషనర్ బాబికర్ తైఫూర్ కప్పు ముట్టలేదు. అడిగింది దక్కేదాకా ఆ ఇంట్లో మంచినీళ్ళయినా తాగకూడదు. ఎర్రసముద్రపు కొండల్లో అది మర్యాద. పొద్దుటి నుంచి గుడారం ముందు చాప మీద కూర్చునే ఉన్నాడు. అల్లం కాఫీ చల్లారిపోతే ఒనూర్ కోడలు మళ్ళీ కాచి తెచ్చింది.

చనిపోయింది ఆమె భర్తే. బావి దగ్గర ఒంటెలకు నీళ్ళు పెట్టే తగాదాలో పక్క తెగవాడు పొడిచేశాడు. వాడికి ఉరిశిక్ష పడింది. అక్కడి చట్టం ప్రకారం, చనిపోయినవాడి తండ్రిగా ఒనూర్ క్షమిస్తే ఉరి తప్పుతుంది.

"వాణ్ణి ఉరి తీస్తే వాళ్ళు మీ మీదికొస్తారు షేక్. తర్వాత మీవాళ్ళు వాళ్ళ మీదికెళ్తారు. పనిచేసిన ప్రతి జిల్లాలోనూ ఇదే చూశాను. శవాల లెక్క రాయించడమే నా ఉద్యోగమైపోయింది," అన్నాడు బాబికర్. గొంతులో కోపం లేదు, అలసటే ఉంది. వచ్చే వారం పదవీ విరమణ.

"ఎన్ని ప్రభుత్వాలు కూలినా నీ కుర్చీ కదల్లేదుగా. పోయేముందు ఇదొక్కటీ చక్కబెట్టి మంచిపేరు మూటగట్టుకుందామని వచ్చావు."

"కావచ్చు."

"కుర్చీలో కూర్చునేవాడికి కొడుకు పోయిన బాధేం తెలుస్తుంది?"

ఎండ చాప మీదికొచ్చింది. బాబికర్ నమాజుకు లేవబోతే మోకాళ్ళు పట్టేసి తూలాడు. జీపు దగ్గర నుంచి డ్రైవరు హసబో పరుగెత్తుకొచ్చి పట్టుకున్నాడు.

"ఇలా ఆనుకోండి అయ్యా," అంటూ మెల్లగా కూర్చోబెట్టి, కాళ్ళ దగ్గర చతికిలబడి మోకాళ్ళు ఒత్తసాగాడు. "పొద్దుట్నుంచి గొంతు తడపలేదు. చెబితే వినరు కదా. ఇంటికెళ్ళాక అమ్మకి నేనేం చెప్పుకోవాలి?" అని గొణిగాడు. తలపాగా కొసతో ఆయన మెడ మీది చెమట తుడిచాడు.

ఒనూర్ చూస్తూ ఉండిపోయాడు. తన కొడుకూ అంతే, విసుక్కుంటూనే కాళ్ళు పట్టేవాడు.

"అదృష్టవంతుడివి," అన్నాడు. "నీ కొడుకా?"

"కాదు," బాబికర్ హసబో భుజం మీద చెయ్యి వేశాడు. "నా కొడుకుని చంపినవాడు."