పడే తీరు

కోడంబాక్కంలో పాల బూత్ ముందు ఒక ముసలాయన పడిపోయాడు.

క్యూలో ఉన్నవాళ్లు తలలు తిప్పి చూశారు. ఎవరూ కదల్లేదు.

"పొద్దున్నే ఏసుకున్నాడు" అన్నారెవరో.

అలివేలుమంగ కుచ్చిళ్లు పక్కకు లాక్కుని, పాల ప్యాకెట్ తీసుకుని వచ్చేసింది.

ఆయన తనంతట తానే లేచాడు. పంచె దులుపుకుని, ఎవరూ అడగకపోయినా "ఏం కాలేదు, ఏం కాలేదు" అన్నాడు.

ఆ సాయంత్రం తను అద్దెకుండే కాంపౌండులోనే అదే మనిషి వెనక గది తాళం తీస్తుంటే చూసి ఆమె ఉలిక్కిపడింది.

కొత్తగా అద్దెకు దిగాడట. పేరు వెంకటపతి. నా అన్నవాళ్లు లేరట.

అలివేలుమంగదీ ఒంటి బతుకే. రైల్వే ఆఫీసులో పనిచేసిన భర్త పోయాక ముందు పోర్షన్‌లో ఆమే మిగిలింది. వండుకోవడం, టీవీ పెట్టుకోవడం, పడుకోవడం.

వెంకటపతి నడిస్తే ఒళ్లంతా ఒక పక్కకు తూలేది. ఆయన వస్తుంటే ఆమె తలుపు మూసేసేది.

ఒక రోజు హాల్లో బల్బు పోయింది. స్టూలెక్కి చెయ్యి చాపింది. స్టూలు ఊగింది.

"అమ్మా, కదలొద్దు!"

వెంకటపతి తెరిచున్న తలుపులోంచి గబగబా లోపలికి వచ్చి స్టూలు కాళ్లు గట్టిగా పట్టుకున్నాడు.

ఆమె దిగింది. కాళ్లు నేలకి ఆనగానే కోపం వచ్చింది.

"ఏందయ్యా, అడక్కుండా ఇంట్లోకి వచ్చేది?"

"పడతారని వచ్చినానమ్మా." ఆయన గడప అవతలికి వెళ్లి నిలబడ్డాడు. "ఒక్కమాట. ఎప్పుడన్నా జారితే చేతులు చాపి నేలకి ఊనొద్దు. ఎముక ఇరుగుతుంది. మోకాళ్లు మడిచేసి, గడ్డం ఎదకి ఆనించి, కండ మీదకి దొర్లిపోవాల."

"నన్ను పడమని దీవిస్తా ఉండావా? పో ఈడనుంచి!"

ఆ రోజే ఇంటి ఓనరు భాష్యానికి చెప్పింది.

"తాగుబోతును తెచ్చి పెట్టినావు. ఒంటిగా ఉండే ఆడదాన్ని. ఆయన్నన్నా ఉంచు, నన్నన్నా ఉంచు."

నెల తిరక్కుండా వెనక గదికి మళ్లీ తాళం పడింది.

వెళ్లేటప్పుడు వెంకటపతి ఆమె గుమ్మం వైపు తిరిగి చేతులు జోడించాడు. ఆమె కిటికీలోంచి చూసింది. బయటికి రాలేదు.

ఆ ఏడు, తొంభై మూడులో, వానలు దీపావళికి ముందే పట్టాయి. ఒక పొద్దున బాత్‌రూంలో సబ్బు నీళ్ల మీద అలివేలుమంగ కాలు జారింది.

చేతులు ముందుకు పోబోయాయి. ఆయన మాట చెవిలో మెదిలింది. చేతులు వెనక్కి లాక్కుంది. గడ్డం ఎదకి ఆనించింది. దొర్లింది.

తొట్టి అంచు తలకు తగలడం వెంట్రుకవాసిలో తప్పింది.

లేవలేక చాలాసేపు పిలిచింది. ఇల్లంతా ఆమె గొంతే. మధ్యాహ్నానికి గాని పక్కింటి వాసంతికి వినబడలేదు.

"ఒట్టి కమిలిన దెబ్బలే. ఈ వయసులో తుంటి విరక్కుండా ఎలా పడ్డారమ్మా?" అన్నాడు డాక్టరు.

"ఒకాయన నేర్పించినాడు" అంది.

నొప్పులు తగ్గాక భాష్యాన్ని అడిగింది, ఆయన ఎక్కడున్నాడని.

"ఈడికి దగ్గరే, సాలిగ్రామం పేటలో ఉండాడమ్మా." భాష్యం తల గోక్కున్నాడు. "పోతా పోతా ఒకే మాట చెప్పినాడు. ఆమె బాత్‌రూంలో పట్టుకునేదానికి గోడకి ఒక కడ్డీ వేయించండి అని. నేనే మరిచిపోయినా."

మర్నాడు అలివేలుమంగ మురుకులు చేసి డబ్బాలో పోసుకుని ఆటో ఎక్కింది. ఒక పూట భోజనానికి రమ్మని పిలవాలనుకుంది. ఇంట్లో ఇద్దరికి వండి ఎన్నాళ్లయిందో.

గది ముందు కన్నియప్పన్ అనే ముసలాయన కూర్చుని ఉన్నాడు. వెంకటపతికి పాత స్నేహితుడట.

"పోయిన అమావాస్యకే పోయినాడమ్మా. నిద్దర్లోనే. నేనే కొరివి పెట్టినా. మీరు చుట్టమా?"

"కాదు" అంది. మెల్లగా అడిగింది. "తాగుడు వల్లనా?"

"తాగుడా? బీడీ కూడా ముట్టడు. తుంటి విరిగి విరిగి సరిగ్గా అతుక్కోలేదు. అందుకే ఆ తూలేది."

"ఏం పని చేసేవాడు?"

కన్నియప్పన్ ఆమెను వింతగా చూశాడు.

"సినిమాలో హీరోయిను మేడమెట్ల మీదినుంచి దొర్లి పడతాదే, చూసి మీరు గూడా ఏడ్చుంటారు... ఆమెకు బదులు చీర కట్టుకుని పడింది మా వెంకటపతేనమ్మా."