హద్దురాయమ్మ

"చెప్పులు తీయండి సార్! అమ్మ ఉండే తావు!"

వరదరాజులు కేకకు సర్వేయరు తణికైవేల్ ఉలిక్కిపడి వెనక్కి తగ్గాడు. చెరువు నీళ్ళ అంచున మోకాలెత్తు రాయి. ఒంటినిండా పసుపు, నుదుట రూపాయంత కుంకుమ, రెండు వెండి కండ్లు, నడుముకు మగ్గం మీద చెడిపోయిన పట్టుముక్క.

"ఇది మా సర్వే రాయి మాదిరి ఉండాదే?" అన్నాడు తణికైవేల్ ఆశగా.

"శివ శివా! లెంపలేసుకోండి సార్!"

నిజానికి లెంపలేసుకోవలసింది వరదరాజులే. చెరువు హద్దు చూపడానికి ప్రభుత్వం పాతిన ఆ రాయి, ఆయన పునాది తీసేదాకా ఇప్పుడు హాలు ఉన్నచోటే ఉండేది. కిటికీలోంచి చెయ్యి చాపితే నీళ్ళు తగలాలని ఆయన ముచ్చట. మగ్గాల మీద సంపాదించిందంతా ఇంటికే పోసిన మనిషికి ఆ మాత్రం ముచ్చట ఉండకూడదా? అందుకే రాయి లేచి నీళ్ళ దగ్గరికి నడిచింది. చెరువులోపలి ఇళ్ళు కూలగొడతారని తెలిశాక దానికి దైవత్వం కూడా పట్టింది. శుక్రవారమే గృహప్రవేశం మరి.

"మీరు గమ్మునుంటే ఆయన పాటికి ఆయన పోతాడు కదా," అని గొణిగింది భార్య అలమేలు.

"నీకేం తెలుసు? రాయి అంటే తవ్వి చూస్తారు, యాడిదని అడుగుతారు. అమ్మ అంటే ఎవడు ముట్టుకుంటాడు?"

తణికైవేల్ చెమట తుడుచుకుంటూ నీడలో ఉన్న జీపు వైపు చూశాడు. "ఎన్నాళ్ళుగా ఉండాదయ్యా ఈ అమ్మ?"

"మా తాత కాలం నుంచి! కావాలంటే సెల్లమ్మక్కను అడగండి."

ఎదురింటి సెల్లమ్మ సిద్ధంగానే ఉంది. రెండు వారాలుగా తిన్న నైవేద్యం చక్కెర పొంగలి ఆమెకు నలభై ఏళ్ళ జ్ఞాపకశక్తిని ప్రసాదించింది. "నేను పెండ్లయి ఈ ఊరికి వచ్చిన దినమే ఈ తల్లికి మొక్కినాను నాయనా. శానా పవరు!"

"అయితే ఇది మా రాయి కాదంటారు. బాగా ఆలోచించి చెప్పయ్యా."

"ఆలోచించేదేంది? కర్పూరం ఆర్పి చెప్తాను!"

అన్నంత పనీ చేశాడు వరదరాజులు. వీధి వీధంతా చూస్తుండగా రాయి ముందు కర్పూరం వెలిగించి, "ఇది సర్వే రాయి అయితే నా మగ్గాలు మూలబడిపోవాల!" అని అరచేత్తో మంట మీద కొట్టాడు. చెయ్యి చుర్రుమంది. ముఖం మాత్రం వెలిగిపోయింది. ఆడవాళ్ళు తల్లీ తల్లీ అని దండాలు పెట్టారు.

"సరి సరి," అంటూ తణికైవేల్ కూడా చెప్పులు విప్పి దండం పెట్టి, ఇంత కుంకుమ అద్దుకున్నాడు. తరవాత ఉసూరుమంటూ జీపులోంచి మ్యాపు, మూడుకాళ్ళ యంత్రం దించమని తన మనుషులకు చెప్పాడు.

"ఇంకా ఏంది సార్?"

"మా రాయి కనబడలేదు కదయ్యా. మ్యాపు చూసి కొత్తది పాతాల."

టేపు నీళ్ళ దగ్గర మొదలై గేటు దాటింది. వసారా దాటింది. మామిడాకుల తోరణం కింద తల వంచి కడప దాటింది. హాలు నట్టనడుమ, మెరుగు చెదరని గ్రానైటు మీద ఒక మనిషి ఎర్ర రంగుతో అడ్డగీతలు కొట్టాడు. అక్కడి నుంచి నీళ్ళ వైపు ఉన్నదంతా చెరువే. వంటిల్లు ఒక్కటి బయటపడింది. అలమేలు అందులోకి పోయి తలుపేసుకుంది.

వరదరాజులు తణికైవేల్ దగ్గరికి పరుగెత్తాడు. "సార్... ఒక్క మాట. ఆ అమ్మ... ఒకవేళ..."

గుమ్మంలో సెల్లమ్మ చేతులు జోడించి నిలబడి ఉంది. ఆమె వెనక వీధంతా ఉంది. కాలిన అరచెయ్యి ఇంకా మండుతూనే ఉంది. మగ్గాలు గుర్తొచ్చాయి.

"నన్నేం చేయమంటావయ్యా?" తణికైవేల్ విసుగ్గా మ్యాపు చుట్టాడు. "అది సర్వే రాయేనని ఒక్క మాట అనుంటే, దాన్నుంచే టేపు పట్టి, నీ ఇల్లు హద్దుకు బయటే ఉండాదని రాసేసి ఎప్పుడో పోయుందును. రాయి దొరికితే ఈ ఎండలో మ్యాపు తెరిచేదెవరు?"