ఒరుసుకునే చక్రాలు

“ఈ నల్ల చక్రాలు నీ బండికి పట్టవు నాయనా,” అన్నాడు అబూ గజ్వాన్.

“అవే బిగించు బాబాయ్,” అన్నాడు తెల్ల పికప్పులో వచ్చిన కుర్రాడు.

అబూ గజ్వాన్ నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. సిరియాలోని అలెప్పో నుంచి కువైట్ వచ్చి షువైఖ్‌లో చక్రాల దుకాణం తెరిచినప్పటి నుంచి ఎంతోమంది కువైటీ కుర్రాళ్ళతో వాదించాడు. పట్టని చక్రాలు కావాలనేవాళ్ళు అతనికి కొత్త కాదు. పట్టవని చెప్పాక మొహం వెలిగినవాణ్ణి మాత్రం ఇప్పుడే చూస్తున్నాడు.

“చెప్తా విను. బోల్టులు ఆరు, సరిపోతాయి. నడిమి రంధ్రం కూడా సరిపోతుంది. కానీ రిమ్ము లోపలికి కూర్చోవాల్సినంత కూర్చోదు. బయటికి పొడుచుకొస్తుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పావంటే టైరు మడ్‌గార్డుకి ఒరుసుకుంటుంది.”

“చప్పుడొస్తుందా?”

“రాకేం! వీధంతా వినిపిస్తుంది.”

“అయితే అవే.”

“చక్రాలు కొంటున్నావా, కాలింగ్ బెల్ కొంటున్నావా?”

అతను నవ్వలేదు. అబూ గజ్వాన్ గోడ వారనుంచి ఇంకో జత దొర్లించుకొచ్చాడు. “ఇవి చూడు. నీ బండి కోసమే పోతపోసినట్టున్నాయి. చిన్న చప్పుడు వస్తే నా మీసం గీయించుకుంటా.”

అతను వాటి వంక చూడనైనా చూడలేదు. నల్ల చక్రాల దగ్గరే నిలబడ్డాడు.

అప్పుడు అబూ గజ్వాన్ కళ్ళు చికిలించాడు.

“ఆగాగు. నిన్నెక్కడో చూశా. తెల్ల పికప్పు, ఇవే నల్ల చక్రాలు... సుహైల్ కదూ నువ్వు? అప్పుడూ చిలక్కి చెప్పినట్టు చెప్పా. నవ్వుకుంటూ వెళ్ళిపోయావు. ఇంత చిక్కిపోయావేంటయ్యా! పైగా ఈ గడ్డమొకటి.”

అతను తల వంచుకుని చక్రం అంచు మీది దుమ్ము వేలితో తుడిచాడు.

“ఆ చక్రాలేం చేశావు?”

“సాల్మీ రోడ్డులో పోయాయి. బండితో సహా. లారీ ఎదురొచ్చింది.”

అబూ గజ్వాన్ ఓ అడుగు ముందుకేశాడు. “నా చక్రాల వల్ల కాదు గదా?”

“కాదు బాబాయ్. లారీవాడు నిద్రలో ఉన్నాడు.”

“మరి ఈ బండి?”

“ఇంట్లో ఇలాంటివే రెండుండేవి. ఇప్పుడిదొక్కటే.”

“అల్‌హందులిల్లా! మనిషివి మిగిలావు, అది చాలు. చక్రాలదేముంది, షువైఖ్ నిండా చక్రాలే.”

అతను ఇంకా దుమ్మే తుడుస్తున్నాడు. అక్కడ దుమ్మేమీ మిగల్లేదు.

“తొందరగా కానివ్వు బాబాయ్. జహ్రాలో ఇల్లు చేరాలి. మా అమ్మకు బతిమాలి పాలు తాగిస్తున్నాం. నిన్నటి నుంచి అవీ ముట్టడం లేదు.”

“అయితే ముందు ఇంటికి పోయి అమ్మ సంగతి చూడవయ్యా! ఆవిడ పస్తులుంటే నీకు షోకులు కావాల్సొచ్చాయా?”

“ఇవి లేకుండా వెళ్తే తినదు.” “ఆమెకు చూపు లేదు. మతి నిలవదు. ఎదురుగా కూర్చుని పేరు చెప్పినా ‘ఎవరి బిడ్డవు నాయనా’ అంటుంది. గేటు దగ్గర బండి తిప్పినప్పుడు వచ్చే ఆ ఒరుపు చప్పుడొక్కటే గుర్తుంది. అది వింటే కొడుకు ఇల్లు చేరాడనుకుంటుంది. అప్పుడే ముద్ద దిగుతుంది.”

నోటిదాకా వచ్చిన వెటకారాన్ని అబూ గజ్వాన్ మింగేశాడు. అలెప్పోలో తన తల్లి కూడా అంతే. మెట్ల మీద కొడుకు దగ్గు వినబడితేనే పొయ్యి మీంచి గిన్నె దించేది.

“టైరు కోసుకుపోతుందిరా అబ్బాయ్,” అన్నాడు మెత్తగా.

“మెల్లగా తోలుతా. మా సందు మలుపులో తప్ప ఎక్కడా అంత తిప్పను.”

పికప్పు జాకీ మీద లేచింది. చక్రాలు బిగిశాయి. అతను లోపల కూర్చుని, స్టీరింగ్ పూర్తిగా తిప్పి, బండిని కాస్త కదిలించాడు.

గర్ర్‌మంది.

కళ్ళు మూసుకుని విన్నాడు. తల అడ్డంగా ఊపాడు.

“ఇలా కాదు బాబాయ్. చివర్లో కీచుమనాలి.”

అబూ గజ్వాన్ నేల మీద వెల్లకిలా పడుకుని మడ్‌గార్డు కిందికి చూశాడు. తప్పును ఇంకాస్త తప్పుగా చేయడానికి తంటాలు పడటం అతని జీవితంలో అదే మొదలు. ముందు చక్రాలకు ఇంకొంచెం వెడల్పు టైర్లు ఎక్కించాడు.

ఈసారి గర్ర్‌మని, చివర కీచుమంది.

“ఇదే,” అన్నాడతను. కళ్ళు తెరవడానికి కొంచెంసేపు పట్టింది.

“అమ్మకు నా సలాం చెప్పు సుహైల్!” అని వెనకనుంచి కేకేశాడు అబూ గజ్వాన్. అతను కిటికీలోంచి చెయ్యి ఊపాడు.

జహ్రాలో ఆ ఇంట్లో ముసలమ్మ గోడకు జారగిలబడి కూర్చుంది. ముందున్న పళ్ళెంలో మచ్‌బూస్ చల్లారిపోయింది. అన్నం మీది కోడిముక్కలను ఎవరూ కదపలేదు.

సందు మలుపులో పికప్పు తిరిగింది. గర్ర్... కీచ్.

ముసలమ్మ తలెత్తింది. ముడతల్లో ముడత కలిసి మొహమంతా విచ్చుకుంది.

“వచ్చాడే నా సుహైల్! వీడి బండి పాడుగాను, చెవులు చిల్లులు పడుతున్నాయి. ఆ కోడికాలు వాడికుంచి నాకింత అన్నం పెట్టండే, ఆకలేస్తోంది!”

గేటు తీయడానికి పరుగెత్తుకొచ్చిన చెల్లెలు బండి కిటికీ పట్టుకుని, లోపలికి వినబడకుండా అంది: “జర్రాహ్ అన్నా, సుహైల్ అన్నను మట్టిలో పెట్టిన రోజు నుంచీ అమ్మ నోరు తెరిచి అన్నం అడగడం ఇదే మొదటిసారి.”